పిల్లి చేసిన మరమ్మతులు

పోయిన వారం మనం అక్కని ఒక ఉత్తరం ముందు కూర్చోబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం వారం రోజులుగా ఆవిడ అలాగే ఉంది, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, పక్కన గ్లాసులో టీ చల్లారిపోతుండగా. ముందు ఆవిణ్ణి కదిలిద్దాం.

ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. కళ్ళద్దాల దుకాణం మీది మేడలో రెండు గదులున్నాయి. అందులో ముగ్గురు మనుషులు కంప్యూటర్ గేములు తయారుచేస్తారు. డబ్బాల్లో పెట్టి అమ్మేవి కావు, ఎక్కడెక్కడి వాళ్ళో ఇంట్లో కూర్చుని డౌన్‌లోడ్ చేసుకుని ఆడుకునేవి. బొమ్మలు గీసేది అక్క, అందరి మీదా పెత్తనం చేసేదీ అక్కే. ఆ బొమ్మల్ని నడిపించే కోడ్ రాసేది చెల్లెలు. ముప్ఫై దాటినా అందరికీ ఇంకా చిన్నీయే. మూడోవాడు వీళ్ళ బాబాయి. ముప్ఫై నాలుగేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యాడు. ఇప్పుడు గేములో తప్పులు పట్టి, ఎర్ర పెన్సిలుతో ఒక రిజిస్టరులో రాస్తాడు. ఆయన కన్నుగప్పి అచ్చుతప్పు బతికి బట్టకట్టిన దాఖలా లేదని ఆయనే చెబుతాడు.

నాలుగో మనిషి కూడా ఉండేవాడు. అక్క మొగుడు. మొదటి గేము విడుదలైన వారంలోనే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు, ఏడాదిన్నరైంది. ఆయన మాటెత్తితే అక్క లేచి కిటికీ మూస్తుంది, మూసున్న కిటికీని కూడా.

ఇప్పుడు రెండో గేము తయారైంది. పేరు ‘నూట పదకొండు మెట్లు’. ఒక పాత మేడ, ఒక దీపాలు బాగుచేసే ఆవిడ. అంతస్తు అంతస్తుకీ ఆగి, ఎవరింట్లో ఏది పాడైతే అది బాగుచేస్తూ పైకి వెళ్ళాలి. చివరి ఫైలు ఈ సాయంత్రం నాలుగింటికల్లా ఆన్‌లైన్ దుకాణం వాళ్ళకి పంపాలి. తప్పితే మళ్ళీ వీళ్ళ వంతు వచ్చేది రెండు నెలల తర్వాతే. నెల క్రితం నమూనాగా వదిలిన డెమో ఆడి, ఒకావిడ ఉత్తరం రాసింది. అక్క పట్టుకు కూర్చున్నది ఆ ఉత్తరమే.

“డెమో బాగుంది. నలభై మూడో మెట్టు మీద గోడవైపు నిలబడి ఒక్క అడుగు వెనక్కి వేస్తే కిందికి పడిపోయాను. అది మీ పొరపాటేనని తెలుసు. ఫిర్యాదు చెయ్యడానికి రాయడం లేదు. కింద ఒక గది ఉంది. ఒకాయన స్టూలు మీద కూర్చుని రేడియో బాగుచేసుకుంటున్నాడు. పలకరిస్తే ‘ఆమె పైనే ఉందా?’ అని అడిగాడు. ఆమె ఎవరో నాకు తెలీదు, అయినా ఉందన్నాను. ఆసుపత్రిలో డ్యూటీ దిగాక రోజూ ఓసారి వెళ్ళి ఆయన దగ్గర కాసేపు కూర్చుని వస్తున్నాను. ఎవరండీ ఆయన?”

మధ్యాహ్నం ఒంటిగంటన్నర. కింద దుకాణంలో అద్దాలు అరగదీసే మిషను గుర్రుమంటోంది.

“చిన్నీ,” అంది అక్క. గొంతు పెంచలేదు. అక్క గొంతు పెంచితే ఎవరూ భయపడరు, పెంచనప్పుడే భయం. “నలభై మూడో మెట్టు కింద ఎవరున్నారు?”

చిన్నీ చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

“నలభై మూడో మెట్టా?” రిజిస్టరు లోంచి తలెత్తాడు బాబాయి. “దాన్ని ఆరుసార్లు చూశానే! కుడికాలు, ఎడంకాలు, పరుగు, నడక, అన్నీ చూశాను.”

“వెనకడుగు వేశావా బాబాయ్?”

“మెట్లెక్కేవాడు వెనక్కెందుకు అడుగేస్తాడమ్మా?” అన్నాడు గాని ఆయన మొహం మాడిపోయింది. పెన్సిలు తీసుకుని ఆ తప్పుని తనే రిజిస్టరులో రాసుకున్నాడు, కింద రెండు గీతలు కూడా గీశాడు.

“నిన్నే అడుగుతున్నాను చిన్నీ. ఆయన్ని తీసెయ్యమన్నాను. తీసేశానన్నావు.”

“తీసేశాను అక్కా. అంటే, కిందికి తోశాను.”

ఈ మేడ మీది పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. గేములో ఏదైనా వద్దనుకుంటే వీళ్ళు చెరిపెయ్యరు. మొదటి గేములో చిన్నీ ఒకసారి ఓ కుర్చీని చెరిపేస్తే రెండంతస్తుల పైన గోడ గడియారం ఆగిపోయింది. ఎందుకాగిందో ఇవాళ్టికీ ఎవరికీ తెలీదు. అప్పట్నుంచీ వద్దన్న ప్రతిదాన్నీ నేల కిందికి, ఆడేవాళ్ళ కంటపడని చోటికి తోసేస్తారు. ఇంట్లో పనికిరాని సామాను మంచం కిందికి తోసినట్టే. తోసినవాళ్ళెవరూ మళ్ళీ వంగి చూడరు.

“కుర్చీలూ బల్లలూ తోసుకో, ఎవరొద్దన్నారు? ఆ రేడియో మనిషిని మాత్రం ఆనవాలు లేకుండా చెరిపెయ్యమన్నాను కదా!”

ఈ రెండో గేము పని మొదటిది విడుదల కాకముందే మొదలైంది, రేడియో మనిషిని మూడో అంతస్తులో కూర్చోబెడదామని అప్పట్లో బావ, అంటే ఆ వెళ్ళిపోయిన అక్క మొగుడే, తయారుచేశాడు. సరదాకి తన మొహమే పెట్టాడు, తన గొంతే ఇచ్చాడు. ఆయన వెళ్ళిపోయిన మర్నాడే ఆ బొమ్మని తీసెయ్యమంది అక్క.

“చెరిపితే ఇంకేదో ఆగిపోతుందని భయమేసింది,” అంది చిన్నీ. అది సగం నిజం. మిగతా సగం మనం కాసేపట్లో విందాం.

“చూపించు.”

చిన్నీ గేము తెరిచింది. దీపాలావిడ మెట్లెక్కింది. నలభై మూడో మెట్టు మీద గోడకి ఆనుకుని ఒక అడుగు వెనక్కి వేసింది, ఉత్తరంలో రాసినట్టే. మేడంతా పైకి వెళ్ళిపోయి ఆవిడ మెత్తగా కింద పడింది.

తను తోసినప్పటి లెక్కన అక్కడ ఏముండాలో చిన్నీకి తెలుసు. ఒక చీకటి గుంట. అందులో ఒకదాని మీద ఒకటి పడేసిన తలుపులు, బల్లలు, ఆ మధ్యలో బట్టలారేసే దండెంలా రెండు చేతులూ బారచాపుకుని నిలబడ్డ రేడియో మనిషి. పని సగంలో ఆపేసిన బొమ్మలు అలాగే నిలబడతాయి.

కాని అక్కడ గుంట లేదు, గది ఉంది. నున్నగా తుడిచిన గచ్చు, పసుపుపచ్చ గోడలు, కిటికీ లోంచి ఏటవాలుగా ఎండ. ఆ గదిలో ఉన్న ప్రతి వస్తువునీ అక్క గుర్తుపట్టింది. అన్నీ తను గీసి, నచ్చక పారేసినవే. నాలుగో కాలు పొట్టిగా వచ్చిందని తీసేసిన బల్ల ఒక మూల ఉంది, ఆ కాలు కింద చిన్న చెక్కముక్క పెట్టి ఉంది. మరీ పెద్దగా వచ్చిందని తిట్టుకున్న టీ కెటిల్ పొయ్యి మీద ఉంది. రంగు కుదరలేదని వదిలేసిన పిట్ట కిటికీ ఊచ మీద కూర్చుంది. ఏడాదిన్నరలో ఆవిడ వద్దనుకున్న అరవై డెబ్భై బొమ్మలకి ఎవరో ఒక్కొక్కదానికీ ఒక్కొక్క చోటు చూసి పెట్టారు.

అక్క చిన్నీ చేతిలోంచి మౌస్ తీసుకుంది. కోపం వచ్చిందనే ఆవిడ అనుకుంది. కోపంతో పాటు ఇంకోటి కూడా వచ్చింది, దానికి ఆవిడ సిద్ధంగా లేదు.

స్టూలు మీది మనిషి రేడియో మీంచి తల తిప్పాడు. “ఆమె పైనే ఉందా?” అన్నాడు. ఏడాదిన్నర తర్వాత ఆ గదుల్లో బావ గొంతు వినిపించింది. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

తెర మీద రెండు జవాబులు వచ్చాయి, ఉంది, లేదు. మౌస్ అక్క చేతిలో ఉంది. చాలాసేపు ఆలోచించి ‘ఉంది’ మీద నొక్కింది.

“అయితే చప్పుడు చెయ్యకు. పని చేసుకుంటోంది,” అని ఆయన మళ్ళీ రేడియో మీదికి వంగాడు.

“ఈ మాట నేను పెట్టలేదక్కా,” అంది చిన్నీ. “ఈ గదీ నేను కట్టలేదు. నీ మీద ఒట్టు.”

“మరి తనంతట తనే కట్టుకుందా?”

ఎవరు కట్టారో కనుక్కోవడం కష్టమేమీ కాదు. ఇక్కడ ఎవరు ఏ చిన్న మార్పు చేసినా ఫలానా మార్పు చేశానని ఒక ముక్క రాయాలి, పక్కన వేళా, పేరూ పడతాయి. అది బావ పెట్టిన నియమమే. చిన్నీ ఆ జాబితా తెరిచింది. గచ్చు, గోడలు, కిటికీ, కెటిల్, అన్నిటి పక్కనా ఒకటే పేరుంది. పిల్లి.

పిల్లి సంగతి ముగ్గురికీ తెలుసు. తెలుసనే ఎవరికి వాళ్ళు అనుకున్నారు. మొదట్లో, అందరూ వాడుకోవడానికని ఒక ఉమ్మడి లాగిన్ పెట్టుకున్నారు. అప్పట్లో వేడిగా ఉంటుందని కంప్యూటర్ మీదెక్కి పడుకునే ఒక వీధి పిల్లి ఉండేది, దాని పేరు పెట్టారు. బావ వెళ్ళిపోయినప్పుడు చిన్నీ ఆయన లాగిన్ మూసేసింది. పిల్లిది మూయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

“ఈ పిల్లి పనులన్నీ నువ్వు చేస్తున్నావనుకున్నానే!” అంది అక్క. “నాకు తెలియకుండా సర్దేసి, మార్కులు కొట్టెయ్యడం ఇష్టంలేక దాని పేరు వాడుతున్నావనుకున్నాను.”

“నేను నువ్వనుకున్నాను. కోడ్ జోలికి వస్తే నేను గొడవ చేస్తానని దొంగచాటుగా చేస్తున్నావనుకున్నాను.”

ఇద్దరూ జాబితా పైనుంచి కిందికి చదివారు. ‘మూడో అంతస్తు తలుపు కిర్రుమంటోంది, నూనె వేశాను.’ ‘దీపం నీడ తిరగబడింది, సరిచేశాను.’ ‘పరుగెత్తితే చెప్పు జారుతోంది, బిగించాను.’ ఆ చెప్పు కోసం చిన్నీ నాలుగు రోజులు జుట్టు పీక్కుంది. ఐదో రోజు పొద్దున అది దానంతటదే బాగుపడితే దేవుడున్నాడనుకుంది. మొత్తం రెండొందల పద్నాలుగు మరమ్మతులు.

“పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు,” అంది అక్క. “ఇక్కడ కళ్ళు మూసుకుని కూర్చున్నది మనం ముగ్గురం.”

“ముగ్గురు కాదమ్మా,” అన్నాడు బాబాయి మెల్లగా. “ఇద్దరు.”

అక్క కుర్చీ ఆయనవైపు తిరిగింది.

“దిద్దినవాడి చెయ్యి నాకు తెలుస్తుంది పెద్దమ్మాయ్. బతుకంతా అదే పని కదా. కొందరు తప్పు కనిపిస్తే కొట్టిపారేస్తారు. అల్లుడు అలా కాదు, మాట పోకుండా అక్షరం మారుస్తాడు. మూడోనెల్లోనే పోల్చుకున్నాను.”

“పోల్చుకుని?”

“నోరు మూసుకున్నాను. పని బాగా జరుగుతోంది కదా.”

అక్క లేచింది. కిటికీ మూసే ఉంది. అయినా వెళ్ళి గడియ సరిగ్గా పడిందో లేదో చూసి వచ్చింది.

“ఇదే ఈ మనిషితో వచ్చిన చిక్కు,” అంది. “ఏదీ మొహమ్మీద చెప్పడు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. అప్పుడు నాకు తప్ప లోకమంతటికీ చెప్పాడు. ఇప్పుడు నాకు తెలీకుండా నా ఇంటికిందే ఇల్లు కట్టుకున్నాడు. చిన్నీ, ఆ గది మొత్తం ఎత్తెయ్. ఈసారి తొయ్యడం కాదు, చెరపడం. గడియారాలు ఆగితే ఆగనీ. నాలుగింటికి వెళ్ళే ఫైల్లో అది ఉండకూడదు.”

అప్పటి సంగతి పాత పాఠకులకి గుర్తుండే ఉంటుంది. మొదటి గేము అమ్మకానికి పెట్టిన పొద్దున, ఆ గేము పేజీలోనే, బావ నాలుగు వాక్యాలు రాశాడు. ‘దీన్ని ఇప్పుడే కొనకండి. చివరిదాకా వెళ్తే మీరు ఆడిందంతా చెరిగిపోతుంది. తయారుచేసినవాళ్ళలో ఒకణ్ణి నేను. క్షమించండి.’ ఆయన రాసింది నిజమే, అందరి ఆటా చెరిగిపోయింది. కాని ఆ మాట అక్క వేలమందితో పాటు తెర మీద చదివింది. పక్కగదిలో ఉన్న మొగుడు తనతో ముందు ఒక్క ముక్క చెప్పలేదన్నదే ఆవిడ గుండెలో దిగిన ముల్లు.

చిన్నీ మౌస్ పట్టుకుంది. గదంతా ఒకే ఫోల్డరులో ఉంది. ఒక్క నొక్కు చాలు, రెండు నిమిషాల పని. ఆమె ఆ నొక్కు నొక్కలేకపోయింది.

“అక్కా, ఆయన ముందే చెప్పాడు.”

“ఎవరికి?”

“నాకు.”

కింద మిషను ఆగింది. ఎవరో కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని గోడమీది అక్షరాలు పైకి చదువుతున్నారు.

“విడుదలకి మూడు రోజుల ముందు. అప్పటికి మీరిద్దరూ తేదీల గొడవలో మాట్లాడుకోవడం లేదు. ‘చివర్లో అంతా చెరిగిపోతోంది, మీ అక్కకి చెప్పు, నేను చెబితే మళ్ళీ వాయిదా అడుగుతున్నాననుకుంటుంది’ అన్నాడు. ఆ చెరిపేసే కోడ్ రాసింది నేను అక్కా. తప్పు నాది. రెండు రోజుల్లో నేనే సరిచేసేస్తే ఎవరికీ తెలియక్కర్లేదనుకున్నాను. నా వల్ల కాలేదు.”

అక్క వచ్చి చెల్లెలి పక్కన నిలబడింది.

“ముందురోజు సాయంత్రం బావ అడిగాడు, చెప్పావా అని. చెప్పానన్నాను.” చిన్నీ కళ్ళు ఎత్తలేదు. “నువ్వు ఏమన్నావని అడిగాడు. ‘తెలిసినా సరే, రేపే అమ్మేద్దామంది’ అని చెప్పాను.”

చెప్పేసింది. ఏడాదిన్నరగా గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడ్డ మాట బయటికొచ్చాక తేలికవుతుందనుకుంది. తేలికవలేదు. సిగ్గేసింది, అంతే.

బాబాయి రిజిస్టరు మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు.

“అంటే,” అంది అక్క. “నాకు తెలిసే జనానికి చెడిపోయిన ఆట అమ్మానని ఆయన అనుకుంటున్నాడు.”

“ఊఁ.”

“ఇప్పటికీ.”

“ఊఁ.”

“అలా అనుకుంటూనే కూర్చుని నా పిట్టకి చోటు చూశాడు.”

ఆవిడ చిన్నీని తిట్టలేదు. తిడితే బాగుండేదని చిన్నీ అనుకుంది. చల్లారిన టీ గ్లాసు తీసుకెళ్ళి, కడిగి, తుడిచి, బోర్లించింది. పక్కనే ఉన్న మిగతా రెండు గ్లాసులూ కడిగింది. అవి కడిగినవే. అప్పుడు వచ్చి చిన్నీని కుర్చీ లోంచి లేపి తను కూర్చుంది. టైము మూడూ ఇరవై.

“నీ సంగతి తర్వాత,” అంది. “తప్పకుండా ఉంటుంది, మర్చిపోతాననుకోకు.”

మార్పుల జాబితాలో, తన సొంత పేరుతో, ఒక ముక్క రాసింది. ‘నేల కింది గది చూశాను. నాలుగింటికి పంపాలి. ఉంచాలా, తీసెయ్యాలా? నువ్వే చెప్పు.’

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఈ ‘నువ్వే చెప్పు’ అన్న మాట అక్క నోట వచ్చిన సందర్భాలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టేంత ఉండవు.

ముగ్గురూ తెరవైపు చూస్తూ కూర్చున్నారు. ఆరు నిమిషాలు ఏమీ జరగలేదు. ఆయన అసలు చూడడేమో, చూసినా పలకడేమోనని అక్కకి భయమేసింది. ఆ భయాన్ని ఆవిడ దాచుకోలేదు, చీర కొంగు వేలికి చుడుతూ విప్పుతూ కూర్చుంది. ఏడో నిమిషంలో పిల్లి పేరుతో రెండు వరసలు వచ్చాయి.

‘తీసెయ్. అది నీకోసం కట్టాను. నువ్వు చూశావు కదా, ఇంక ఊరందరికీ ఎందుకు?’

అక్క ఆ రెండు వరసలూ చదివి, కళ్ళజోడు తీసేసి ఏడ్చింది. చప్పుడు లేకుండా, దాచకుండా, రెండు నిమిషాలు. చిన్నీకి అక్క భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. ఆ హక్కు తనకి ఇంకా ఉందో లేదో తెలియక వెయ్యలేదు.

“బాబాయ్, ఎక్కడుంటున్నాడు?”

“నాకెలా తెలుస్తుందమ్మా?”

“బాబాయ్.”

“మా పాత అచ్చాఫీసు వెనక గదిలో,” అన్నాడు బాబాయి. “నేనే ఇప్పించాను. అల్లుణ్ణి వీధిలో పడుకోమనలేను కదా.”

“నువ్వూ అంతే!” అని అక్క చెప్పులు వేసుకుంది.

“అదేదో ఇక్కడే రాసెయ్యొచ్చు కదక్కా,” అంది చిన్నీ. “జరిగింది నేనే రాస్తాను.”

“కిర్రుమనే తలుపుల పక్కన రాసే మాట కాదది. ఎదురుగా నిలబడి చెప్పాలి. ‘నాకు తెలీదయ్యా’ అని.”

అప్పటికే ఆవిడ మెట్లు దిగుతోంది. బాబాయి వెనక నుంచి అరిచాడు. “పెద్దమ్మాయ్! మరి ఏ ఫైలు పంపాలి? గది ఉన్నదా, లేనిదా?”

జవాబు రాలేదు. టైము మూడూ ముప్ఫై మూడు.

చిన్నీ తెరముందు నిలబడింది. బావ తీసెయ్యమన్నాడు. అక్క ముందు తీసెయ్యమంది, తర్వాత ఏడ్చింది. ఏం చెయ్యాలో చిన్నీకి తోచింది కూడా. తోచింది చేసేసి తర్వాత చెప్పొచ్చు. కాని పోయినసారి కొంప ముంచింది ఆ తెలివే. ఆ సంగతి గుర్తురాగానే ఆమె చెప్పులైనా వేసుకోకుండా మెట్లమీద పరుగెత్తింది.

అక్క రోడ్డవతల బస్సుస్టాపులో ఉంది. బస్సు వచ్చేసింది.

“అక్కా! ఉంచాలా, తీసెయ్యాలా?”

కళ్ళద్దాల దుకాణం గుమ్మంలో నిలబడ్డ నలుగురూ తలతిప్పి చూశారు. అక్క ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

“గది ఉంచు! మెట్టు మూసెయ్!”

“మెట్టు మూస్తే గదిలోకి ఎవరూ వెళ్ళలేరు కదా!”

“అందుకే! ఉందని మనకి తెలిస్తే చాలు.”

“మరి ఆ ఆసుపత్రి ఆవిడో?”

“ఆవిడకి నేను జవాబు రాస్తాను. ముందు నువ్వు పైకెళ్ళు, కాళ్ళు కాలతాయి!” అంది అక్క. ఆ చివరి మాటకి చిన్నీకి ప్రాణం లేచొచ్చింది. కాళ్ళు కాలతాయని తిట్టిందంటే చెల్లెలు ఇంకా చెల్లెలే. బస్సు కదిలింది.

పైకొచ్చేసరికి మూడూ నలభై ఒకటి. చిన్నీ కూర్చుని నలభై మూడో మెట్టు తెరిచింది. గోడకీ మెట్టుకీ మధ్య వేలెడంత సందు వదిలేసి ఉంది, తన పొరపాటే. దాన్ని మూసింది. బాబాయి పక్కన కూర్చుని దీపాలావిణ్ణి ఆ మెట్టు మీద ముందుకీ, పక్కకీ, ముఖ్యంగా వెనక్కీ, ఇరవైసార్లు నడిపించాడు. ఆవిడ పడలేదు. మూడూ యాభై ఆరుకి ఫైలు బయల్దేరింది. యాభై తొమ్మిదికి అందిందని అవతల్నుంచి కబురు వచ్చింది. రిజిస్టరులో బాబాయి రెండు గీతల తప్పుని ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు.

అప్పుడు గాని చిన్నీ మార్పుల జాబితా చూడలేదు. పిల్లి పేరుతో కొత్త ముక్క ఒకటి వచ్చి ఉంది. వచ్చింది మూడూ నలభైకి.

‘జవాబు లేదు. నేనే వస్తున్నాను, ఇరవై నిమిషాలు పడుతుంది. మీ అక్కని ఎక్కడికీ వెళ్ళనివ్వకు చిన్నీ.’

అక్క ఫోను బల్లమీదే ఉంది. బాబాయి తన ఫోనులో బావ నంబరు నొక్కాడు. అది మోగుతూనే ఉంది.

“సైకిలు తొక్కేటప్పుడు ఎత్తడు,” అన్నాడు. “ఆవిడ అటు, ఈయన ఇటు. బాగానే ఉంది వరస! నేను వీధి చివర నిలబడి చూస్తాను, మీ అక్క ఇంకో బస్సులో తిరిగొస్తుందేమో.”

ఆయన గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళాడు. గదిలో చిన్నీ ఒక్కతే మిగిలింది. అక్క ఎదురుగా నిలబడి చెబుతానన్న మాట ఇప్పుడు ఎవరు చెప్పాలో ఆమెకి మెల్లిగా అర్థమైంది. అక్క వచ్చేదాకా ఆగొచ్చు. కాసిని మంచినీళ్ళిచ్చి, ఆ కబురూ ఈ కబురూ చెప్పి కూర్చోబెట్టొచ్చు. ‘నాకు తెలీదు’ అని అక్క అంటే ఆయన నమ్ముతాడో లేదో. ‘నేను అబద్ధం చెప్పాను’ అని తను అంటే నమ్మి తీరాలి.

కింద సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. అడుగులు త్వరత్వరగా పైకి వస్తున్నాయి. చిన్నీ వెళ్ళి, తట్టకముందే తలుపు తీసింది. బావ చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది, చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుంది. ఆయన కళ్ళు ఆమె భుజం మీదుగా లోపల ఖాళీ కుర్చీని వెతుకుతున్నాయి.

“అక్క నీ దగ్గరికే వెళ్ళింది బావా. తను వచ్చేలోపల నువ్వు నా మాట వినాలి. ఆ రోజు నేను అక్కకి చెప్పలేదు.”